వెల్లకిలా పడుకోలేని మనిషి: బైపాస్ ఆపరేషన్‌లో రెండు ఫ్రెనిక్ నరాలూ దెబ్బతిన్న ఒక కేసు

ఆయన ఒడిశాలోని మా పర్లాకిమిడి నర్సింగ్ హోముకు వచ్చేనాటికి గుండె ఆపరేషన్ జరిగి ఏడో వారం నడుస్తోంది. వయసు 54. కాశీనగర్ వైపు వంశధార ఒడ్డున ఒక పల్లెలో వరి పండించే రైతు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది, బీడీ మానేసి ఆరేళ్ళయింది. గుండె రక్తనాళాలు మూడింటిలో అడ్డంకులున్నాయని తేలడంతో ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రిలో బైపాస్ చేయించుకున్నారు. ఇక్కడ నేను రాస్తున్నది ఆయనా, ఆయన భార్యా ఇచ్చిన అనుమతితోనే. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలను వదిలేశాను.

వచ్చిన రోజు ఆయన పరీక్ష బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ బల్ల అంచుకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నారు. ఒక వాక్యం పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగవలసి వస్తోంది. కాళ్ళకు వాపు లేదు, మెడ సిరలు ఉబ్బి లేవు, ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో గాలి శబ్దం తక్కువగా ఉందే తప్ప నీరు చేరినప్పటి చిటపటలు లేవు. ఆపరేషన్ తర్వాత ఇంటికి వచ్చినప్పటి నుంచీ వెల్లకిలా పడుకోలేకపోతున్నారనీ, నులక మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, దాని మీద రెండు బొంతలు మడిచి వేసి, దాదాపు కూర్చునే నిద్రపోతున్నారనీ భార్య చెప్పింది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. పడుకుంటే ఆయాసం అనగానే ఎవరికైనా ముందు గుండె వైఫల్యమే తడుతుంది. మధ్యలో చూసిన ఇద్దరు వైద్యులూ అదే అనుకుని, ఒంట్లో నీరు తీసే మూత్రం మాత్ర ఫ్యూరోసిమైడ్ మోతాదు పెంచుకుంటూ పోయారు. రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలైనది మా దగ్గరకు వచ్చేసరికి 120కి చేరింది. ఆయాసం మాత్రం తగ్గలేదు.

ఆ పూట నేనూ మొదట అదే దారిలో ఆలోచించానని చెప్పాలి. ఎకో తీస్తే గుండె పంపు చేసే శక్తి 50 శాతం, అంటే దాదాపు మామూలుగానే ఉంది, కవాటాలు బాగున్నాయి, గుండె చుట్టూ నీరు లేదు. గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ కూడా ఆయన వయసుకు తగ్గట్టు తక్కువగానే ఉంది. సోడియం 128, పొటాషియం 3.1. ఈ రెండూ ఇలా తగ్గడం మూత్రం మాత్రలు తెచ్చిపెట్టినదే. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ చిన్నవిగా, వాటి కింద ఉండే ఊపిరి కండరం డయాఫ్రం గుమ్మటాలు రెండూ పైకి లేచి కనిపించాయి. వెంట తెచ్చిన పాత ఎక్స్‌రేల మీద ‘రోగి సరిగ్గా ఊపిరి పీల్చలేదు’ అని రాసి ఉంది. ఒకవైపు గుమ్మటమే పైకి లేస్తే రెండో వైపుతో పోల్చి ఎవరైనా పట్టుకుంటారు. రెండూ సమానంగా లేచినప్పుడు మాత్రం పోల్చడానికి ఏమీ మిగలదు, అందుకని తప్పు రోగి మీదికి పోతుంది. ఆయన ఊపిరి పీల్చకపోవడం కాదు, పీల్చలేకపోవడం అని ఆ ఎక్స్‌రేలలో ఏడు వారాలుగా కనిపిస్తూనే ఉంది.

దారి మళ్ళించింది ఆయన భార్య చెప్పిన ఒక సంగతి. మందుల చీటీలన్నీ చూపించడం అయిపోయాక, చెప్పాలా వద్దా అన్నట్టు ఆమె అంది: “బాబూ, మొన్న మా బావగారి పదోరోజుకి ఏటికి ఎల్లినాం. ఈయన నడుందాకా దిగినాడు, అంతే, ఊపిరి కట్టేసినట్టయిపోనాది. ఇద్దరు పట్టుకుని గట్టు మీదకి లాగినారు. నీళ్ళు తాగనేదు, కాలు జారనేదు. గట్టెక్కి కూకోగానే సరిపోనాది.”

నీళ్ళలోకి దిగగానే ఊపిరి ఆడకపోవడం, బయటకు రాగానే తేరుకోవడం. గుండె జబ్బులో ఇది ఇంత హఠాత్తుగా, ఇంత స్పష్టంగా జరగదు. డయాఫ్రం రెండువైపులా పనిచేయనప్పుడు జరుగుతుంది. ఎందుకంటే గట్టు మీద నిలబడినప్పుడు కడుపులోని అవయవాల బరువు కిందికి లాగుతుంది కాబట్టి చచ్చుబడ్డ డయాఫ్రం కూడా వాటితోపాటు కొంత కిందికి జారుతుంది. రోగి తనకు తెలియకుండానే, ఊపిరి వదిలేటప్పుడు పొట్ట కండరాలను బిగించి డయాఫ్రాన్ని పైకి తోసి, తర్వాత వాటిని ఒక్కసారి వదిలేసి, అది జారే ఆ కాస్త జాగాలో గాలి లోపలికి వచ్చేలా చేసుకుంటాడు. నీళ్ళలో నడుము దాటి దిగితే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి పొట్టను లోపలికి నొక్కి డయాఫ్రాన్ని ఛాతీలోకి నెడుతుంది. ఆ ఒక్క ఉపాయం కూడా అక్కడితో పోతుంది. పడుకున్నప్పుడు జరిగేదీ ఇలాంటిదే. కడుపులోని బరువంతా ఛాతీ మీదికి వాలుతుంది.

ఆమె మాట విన్నాక ఆయన్ను మళ్ళీ పరీక్షించాను. ఇంతకుముందు కూర్చున్న మనిషినే చూశాను, పడుకోబెట్టి చూడలేదు. నర్సు తల దగ్గర నిలబడగా, ఆయాసం రాగానే లేపుతామని చెప్పి, మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి చొక్కా గుండీలు విప్పాం. నా కుడి అరచెయ్యి ఆయన పొట్ట మీద, ఎడమ అరచెయ్యి రొమ్ము మీద పెట్టాను. మామూలు మనిషి ఊపిరి తీసుకుంటే రెండు చేతులూ కలిసి పైకి లేస్తాయి. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి కిందికి దిగింది. బొడ్డు పైభాగం గుంట పడినట్టు లోపలికి పోయింది. మెడ పక్క కండరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. ఇరవై సెకన్లు కూడా కాకముందే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు, లేపి కూర్చోబెట్టాం. గుండె వైఫల్యం ఉన్న మనిషి పడుకున్నాక కొంతసేపటికి, ఒక్కోసారి గంటా రెండు గంటలకు ఆయాసంతో లేస్తాడు, కూర్చున్నాక తేరుకోవడానికీ సమయం పడుతుంది. ఈయనకు తల వాల్చిన క్షణాల్లో మొదలై, కూర్చున్న క్షణాల్లో పోయింది.

ఫ్రెనిక్ నరం గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్న డయాఫ్రం, మనం తీసుకునే ప్రతి ఊపిరిలో అధిక భాగం పని చేసే కండరం. దాన్ని కదిలించే నరాలు రెండే, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. ఇవి పుట్టేది పొట్ట దగ్గర కాదు, మెడలో, వెన్నుపాము మూడు, నాలుగు, అయిదు మెడ వేర్ల నుంచి. అక్కడి నుంచి మెడ కండరం ముందుగా దిగి, మొదటి పక్కటెముక దగ్గర ఛాతీలోకి ప్రవేశించి, ఊపిరితిత్తి మొదలుకు ముందుగా, గుండెను కప్పి ఉండే పెరికార్డియం పొరను అంటిపెట్టుకుని డయాఫ్రం దాకా పోతాయి. అంటే గుండె మీద పనిచేసే సర్జన్ చేతికి ఈ నరం ఎప్పుడూ కొద్ది దూరంలోనే ఉంటుంది. గుండెను ఆపి చల్లబరచడానికి పెరికార్డియంలో మంచు ముక్కల ద్రవం పోసినప్పుడు ఆ చలి పొర అవతల ఉన్న నరానికి తగులుతుంది. బైపాస్‌కు వాడే ఎడమ అంతర స్తన ధమనిని రొమ్ము ఎముక వెనుక నుంచి విడదీసేటప్పుడు, పైన మొదటి పక్కటెముక దగ్గర నరం ఆ ధమనిని దాటుకుని పోతుంది కనుక కాటరీ వేడి గానీ లాగుడు గానీ తగలవచ్చు. పైగా నరానికి రక్తం అందించే సన్నని ధమని కూడా ఆ స్తన ధమనికే కొమ్మ. దాన్ని కట్టేస్తే నరం తెగకపోయినా రక్తం తగ్గుతుంది. షుగరు వల్ల నరాలు ముందే నీరసించి ఉన్నవారిలో ఈ చిన్న దెబ్బలు పెద్దవవుతాయి.

ఈ నష్టం ఎక్కువగా ఎడమవైపునే జరుగుతుంది. ఒక్కవైపే జరిగితే చాలామందికి తెలియను కూడా తెలియదు, మెట్లెక్కేటప్పుడు ఆయాసంగానో పెద్ద పని చేసినప్పుడు అలసటగానో సరిపెట్టుకుంటారు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ లేని రోజుల్లో, జబ్బు పట్టిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని సర్జన్లు మెడ దగ్గర ఒకవైపు ఫ్రెనిక్ నరాన్ని కావాలనే నలిపేవారు. ఒక నరం లేకుండా మనిషి బతకగలడని వాళ్ళకు తెలుసు. రెండు నరాలూ పోవడం అరుదు. అయితే అలా పోయినప్పుడు అది ఊపిరి వైఫల్యమే.

ఆపరేషన్ నోట్స్ తెప్పించి చదివాను. మూడు గ్రాఫ్టులు: ఒకటి ఎడమ స్తన ధమనితో, రెండు కాలి సిరలతో. గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మిషను మీద చేశారు, పైనుంచి మంచుతో చల్లబరిచారు. ఎడమ ఊపిరితిత్తిని కప్పే ప్లూరా పొరను తెరిచారు. తర్వాత వెంటిలేటర్ నుంచి రెండుసార్లు తీసి రెండుసార్లూ మళ్ళీ పెట్టవలసి వచ్చింది. ఆరో రోజున చివరకు ట్యూబు తీశారు, పంతొమ్మిదో రోజున ఇంటికి పంపారు. డిశ్చార్జి సమ్మరీలో దీన్ని ఒక్క వాక్యంలో, ‘వెంటిలేటర్ ఎక్కువ రోజులు అవసరమైంది’ అని రాశారు. ఎందుకు అవసరమైందన్న ప్రశ్న అక్కడ లేదు. నేను ఆ సర్జన్లను తప్పుపట్టడం లేదు. మూసుకుపోయిన మూడు నాళాలకు దారి చేసి ఆయన్ను బతికించినది వాళ్ళే, ఎంత జాగ్రత్తపడినా ఈ నష్టం జరగవచ్చు. నా బాధంతా ఆ ఒక్క వాక్యం గురించి. గుండె బాగుండి, ఊపిరితిత్తులు బాగుండి, వెంటిలేటర్ నుంచి రెండుసార్లు తప్పించలేకపోయిన మనిషికి, ఐసీయూ మంచం దగ్గరే పది నిమిషాల్లో అయ్యే డయాఫ్రం అల్ట్రాసౌండ్ చేసి ఉంటే, ఇన్ని వారాలు ఇటుకల మంచం మీద గడిచేవి కావు.

మా దగ్గర మేమూ ఒక తప్పు చేశాం, దాన్ని ఇక్కడ దాచడం సరికాదు. చేర్చుకున్న మొదటి రాత్రి పదకొండు గంటలకు నర్సు ఫోను చేసి ఆక్సిజన్ 84 శాతం ఉందని చెప్పింది. నేను ఇంట్లో నుంచే మాస్క్ పెట్టి ఆరు లీటర్లు ఇవ్వమన్నాను. శాతం 98కి పెరిగింది, అందరం ఊరట చెందాం. తెల్లవారుజామున నాలుగు గంటలకు మళ్ళీ ఫోను వచ్చింది, లేపితే లేవడం లేదని. వెళ్ళి చూస్తే చర్మం వెచ్చగా చెమటతో తడిసి ఉంది, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తున్నారు, చేతులు చాచి పట్టిస్తే వేళ్ళు తపతప కొట్టుకుంటున్నాయి. ధమని రక్తం తీసి పరీక్షిస్తే పీహెచ్ 7.29, కార్బన్ డయాక్సైడ్ 78 (45 దాటకూడదు), బైకార్బొనేట్ 36, ఆక్సిజన్ పీడనం 92. వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది, గాలి ఎంత లోపలికీ బయటికీ ఆడుతోందో చెప్పదు. డయాఫ్రం పనిచేయని మనిషికి కావలసింది గాలి ఆడించే సాయం. ఆక్సిజన్ మాత్రమే ఇస్తే క్లిప్పు మీద అంకె బాగుపడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది, పైగా ప్రమాదాన్ని తెలిపే ఆ ఒక్క హెచ్చరిక గంటను కూడా మనమే ఆపేసినట్టవుతుంది. బైకార్బొనేట్ అంత ఎక్కువగా ఉండడానికి కారణం ఒక్క రాత్రి కాదు. వారాల తరబడి కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం ఒక కారణమైతే, ఆ మూత్రం మాత్రలు రక్తాన్ని క్షారం వైపు లాగడం మరో కారణం. తగ్గిన పొటాషియం ఉన్న కండరాలను కూడా ఇంకా నీరసపరిచింది.

ఆయన్ను వెంటనే తల ఎత్తిన మంచం మీదికి మార్చి, ముఖం నిండా పట్టే మాస్కుతో, ఒత్తిడితో గాలి ఆడించే బైపాప్ మిషను పెట్టాం. ఊపిరి తీసుకునేటప్పుడు ఒత్తిడి 10తో మొదలుపెట్టి గంటన్నరలో 18కి పెంచాం, వదిలేటప్పుడు 5, ఆయన మరిచిపోయినా మిషను నిమిషానికి 14 ఊపిరులు ఇచ్చేలా పెట్టాం. ఆక్సిజన్‌ను శాతం 88 నుంచి 92 మధ్య ఉండేంత మేరకే మిషను గొట్టంలోకి కలిపాం. మొదటి అరగంట కష్టమయింది. మీసం దగ్గర గాలి కారిపోతూ, ప్రతి ఊపిరికీ మిషను గుర్రుమంటోంది. మీసం తీయించుకోవడానికి ఆయన ఒప్పుకునే స్థితిలో లేరు కాబట్టి భార్య ఒప్పుకుంది, నర్సు రేజరుతో తీసింది, కారడం ఆగింది. ఉదయం తొమ్మిది గంటలకు పీహెచ్ 7.37, కార్బన్ డయాక్సైడ్ 62. ఆయన కళ్ళు తెరిచి ముందు అడిగినది మీసం గురించే. మూడో రోజుకు కార్బన్ డయాక్సైడ్ 55, బైకార్బొనేట్ 33, పీహెచ్ 7.40. ఫ్యూరోసిమైడ్ ఆపేశాం, పొటాషియం సరిచేశాం.

కాస్త కుదుటపడ్డాక అనుమానాన్ని కొలతలతో నిర్ధారించుకున్నాం. ఊపిరి నిండా పీల్చి పూర్తిగా వదలగలిగే గాలి కూర్చున్నప్పుడు 1.62 లీటర్లు, పడుకున్నప్పుడు 0.86. అంటే 47 శాతం తగ్గుదల. ఆరోగ్యవంతుల్లో ఈ తగ్గుదల పది శాతంలోపే ఉంటుంది. ముప్ఫై దాటిందంటే డయాఫ్రం రెండువైపులా బలహీనమని గట్టిగా అనుమానించాలి. పడుకుని ఊదించడం ఆయనకు సులభం కాదు, ఒకే ఒక్క మంచి ప్రయత్నం వచ్చింది, దానితోనే తృప్తిపడ్డాం.

అల్ట్రాసౌండ్ మా గదిలోనే నేనే చేశాను. ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల మధ్య, చంక ముందుగీత దగ్గర, పైపొరలను చూసే సన్నని ప్రోబు పెడితే డయాఫ్రం రెండు తెల్లని గీతల మధ్య బూడిదరంగు పట్టీలా కనిపిస్తుంది. ఊపిరి తీసుకున్నప్పుడు ఆ పట్టీ కనీసం ఇరవై శాతం లావెక్కాలి. ఎడమవైపు మందం 1.6 మిల్లీమీటర్లు, ఎంత గట్టిగా పీల్చినా అంతే. కుడివైపు 1.9 మిల్లీమీటర్లు, పీల్చినప్పుడు ఎనిమిది శాతం పెరిగింది. రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నబడిందంటే కండరం పని లేక కృశించడం మొదలయిందని అర్థం. పొట్ట పైనుంచి వంపు ప్రోబుతో చూస్తూ, ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చమన్నప్పుడు కుడి గుమ్మటం నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగింది. ఎడమది పైకి లేచింది. ఎడమవైపు జీర్ణాశయంలోని గాలి అడ్డొస్తుంది, ప్లీహం మీదుగా చూసే దారి దొరికేదాకా ఓపిక పట్టాలి. ఎక్స్‌రే తెర మీద చూసే ముక్కు పీల్పు పరీక్షనే నమ్ముకున్నవారికి ఒక హెచ్చరిక: రెండువైపులా చచ్చుబడినవారు ముందు చెప్పిన పొట్ట కండరాల ఉపాయం వాడితే, తెర మీద డయాఫ్రం కిందికి దిగుతున్నట్టే కనిపించి మోసం చేస్తుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి, అది ఊపిరి వదిలేటప్పుడు బిగుస్తోందా లేదా చూడాలి.

ఊపిరి కండరాలు నీరసించే ఇతర జబ్బులను త్వరగానే పక్కన పెట్టగలిగాం. కనురెప్పలు వాలడం, మింగడంలో ఇబ్బంది, సాయంత్రానికి పెరిగే నీరసం లేవు కనుక, నరం సంకేతం కండరానికి సరిగ్గా అందని మయస్థీనియా జబ్బు కాదు. చేతులు, కాళ్ళ బలం పూర్తిగా ఉంది, మోకాలి రిఫ్లెక్సులు వస్తున్నాయి. చీలమండ దగ్గరివి మాత్రం రాలేదు, అది షుగరు వల్ల. ఐసీయూలో ఎక్కువ రోజులున్నవారికి వచ్చే నరాల బలహీనత అయితే కాళ్ళూ చేతులూ ముందు పడిపోయేవి. థైరాయిడ్, ఫాస్ఫేట్ మామూలుగా ఉన్నాయి. విశాఖపట్నంలో చేయించిన నరాల పరీక్షలో, మెడ దగ్గర విద్యుత్తుతో తట్టినప్పుడు ఎడమ ఫ్రెనిక్ నరం నుంచి స్పందన రాలేదు. కుడి నరం నుంచి ఆలస్యంగా, చిన్నదిగా వచ్చింది. ఆ చిన్న స్పందనే మాకు దొరికిన మొదటి శుభవార్త.

“నరం తెగిపోనాదా బాబూ?” అని ఆయన మాస్కు పక్కకు జరిపి అడిగారు. కుడిది తెగలేదనీ, కాలువకు పూడిక పడినట్టు అయిందనీ, నీరు సన్నగా పారుతోంది కాబట్టి క్రమంగా దారి చేసుకుంటుందనీ చెప్పాను. ఎడమదాని సంగతి ఇప్పుడే చెప్పలేనని కూడా అన్నాను. ఆ పోలికలో అతిశయోక్తి లేదు. నరం పైపొర మాత్రమే దెబ్బతింటే వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటుంది. లోపలి తీగే పోతే, దెబ్బ తగిలిన చోటు నుంచి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరగాలి. పెరికార్డియం దగ్గర నుంచి డయాఫ్రం దాకా ఆ లెక్కన నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అంతవరకు ఆయన్ను నిలబెట్టవలసింది మిషను.

పన్నెండో రోజున ఇంటికి పంపేటప్పుడు నాకు ఎక్కువ ఆలోచన పట్టింది మందుల గురించి కాదు, కరెంటు గురించి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని పల్లెలను ఇక్కడివాళ్ళం చూశాం. రాత్రి ఎనిమిది గంటలు బైపాప్ మీద ఉండవలసిన మనిషికి అది చిన్న విషయం కాదు. అద్దెకు తీసుకున్న మిషనుకు ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ పెట్టించాం. కరెంటు పోతే ముందు గాలిని వేడిచేసే హ్యుమిడిఫైయర్‌ను ఆపేయాలని నేర్పాం, ఎక్కువ విద్యుత్తు లాగేది అదే. బ్యాటరీ కూడా అయిపోతే ఆయన్ను పడుకోనివ్వకుండా కూర్చోబెట్టాలి, అంతేగాని ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పెట్టకూడదు. ఈ జాగ్రత్తలన్నీ రెండు కాగితాల మీద రాయించాం, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో. ఆయన భార్య తెలుగు చదవగలదు. కొడుకు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదువుకున్నది ఒడియా కనుక తెలుగు అక్షరాలు రావు. రాత్రి రెండు గంటలకు మిషను మోగితే లేచేది ఎవరో తెలియదు కాబట్టి ఇద్దరికీ చదవడానికి వీలుండాలి.

మిషను రాత్రిపూట ఎందుకంటే, మనం కలలు కనే నిద్ర దశలో మెడ, పక్కటెముకల కండరాలు సడలిపోతాయి, ఊపిరి భారమంతా డయాఫ్రం ఒక్కదాని మీద పడుతుంది. ఆయనకు లేనిది అదే. పొద్దుటి తలనొప్పికీ పగటి కునికిపాట్లకూ కారణం రాత్రి ఆ దశలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. మిషను మొదలుపెట్టిన వారంలోనే తలనొప్పి పోయింది.

మూడో నెలలో కూర్చుని 1.84, పడుకుని 1.14 లీటర్లు, తగ్గుదల 38 శాతం. అల్ట్రాసౌండ్‌లో కుడివైపు కొద్దిగా లావెక్కడం మొదలయింది. ఎనిమిదో నెలలో 2.20, 1.65, తగ్గుదల 25 శాతం, కుడి డయాఫ్రం 24 శాతం లావెక్కుతోంది. మంచం కోళ్ళ కింద ఇటుకలు ఒక్కొక్కటి తీసేశారు. పీల్చే కండరాలకు బలమిచ్చే చిన్న పరికరంతో రోజుకు రెండుసార్లు వ్యాయామం అప్పుడే మొదలుపెట్టాం, కండరానికి నరం మళ్ళీ అందకముందు దాన్ని అలసట పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పద్నాలుగో నెలలో 2.41, 1.95, తగ్గుదల 19 శాతం. పగటి కార్బన్ డయాక్సైడ్ 44, అంటే మామూలు స్థాయికి వచ్చింది. కుడివైపు బాగా కోలుకుంది. ఎడమవైపు లావెక్కడం 12 శాతం దగ్గర ఆగింది. కొలతలు ఇప్పుడు డయాఫ్రం ఒకవైపు మాత్రమే చచ్చుబడిన మనిషి కొలతల్లా ఉన్నాయి.

ఎడమ గుమ్మటాన్ని కిందికి లాగి కుట్టి బిగించే ప్లైకేషన్ ఆపరేషన్ గురించి ఆయనతోనూ, ఛాతీ సర్జన్‌తోనూ మాట్లాడాం. అది చచ్చుబడ్డ వైపును కదిలించదు. ఊపిరి తీసుకున్నప్పుడు అది పైకి ఎగిరి మంచి ఊపిరితిత్తి పనిని పాడుచేయకుండా ఆపుతుంది. ఎడమ నరానికి కోలుకునే గడువు ఇంకా పూర్తిగా ముగియలేదనీ, ఆయనకు పొలం గట్ల మీద నడవడానికి ఇబ్బంది లేదనీ ఇప్పటికి వాయిదా వేశాం. విద్యుత్తుతో డయాఫ్రాన్ని కదిలించే పేసింగ్ ఆయనకు పనికిరాదు, దానికి నరం బతికి ఉండాలి. మిషను ఇంకా రాత్రి అయిదారు గంటలు వాడుతున్నారు. మాస్కు మెత్త ఒకసారి మార్చాం. మీసం మళ్ళీ పెంచలేదు.

కిందటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు కార్తీక మాసం దగ్గరపడుతోంది. ఏటి స్నానానికి వెళ్ళవచ్చా అని ఆమె అడిగింది. పడుకున్నప్పటి తగ్గుదల ఇంకా 19 శాతం ఉంది కనుక మోకాలు దాటి దిగవద్దనీ, రేవు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోవచ్చనీ, పక్కన కొడుకు ఉండాలనీ చెప్పాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ పడుకోబెట్టి కొలుస్తాం.